పశ్చాత్తాపపడని రాజేశ్వరి

1927లో చలం నవల ‘మైదానం’ వచ్చినప్పుడు తెలుగు పాఠకులు రెండుగా చీలిపోయారు. దాన్ని గడప తొక్కనివ్వని ఇళ్ళున్నాయి, దొంగచాటుగా చదివి గుండెలకు హత్తుకున్నవాళ్ళూ ఉన్నారు. అందులోని పచ్చి శృంగారమే ఈ గొడవకు కారణమని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ మాటతో సరిపెట్టుకుంటే అదే కాలపు మరో సంగతి అర్థం కాదు. మద్రాసులో పుట్టిన చలం తెనాలిలో తాతగారింట పెరిగాడు. బెంగాలీ రచయిత శరత్ నవలల్ని తెలుగు చేసిన చక్రపాణి పుట్టిందీ తెనాలిలోనే. క్షయకు చికిత్స కోసం మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో ఆయన బెంగాలీ నేర్చుకున్నాడు. ఆ అనువాదాల పుణ్యమా అని శరత్‌ను తెలుగు రచయితే అనుకున్నవాళ్ళు ఎందరో. ఒకే ఊరితో ముడిపడిన రెండు రకాల ప్రేమకథల్లో ఒకదానికి తిట్లు, మరొకదానికి కన్నీళ్ళు ఎందుకు దక్కాయి?

పాఠకులు వెనకబడినవాళ్ళు కావడం వల్ల అనడానికి వీల్లేదు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఆ ప్రాంతంలోని బాపట్లలోనే. మరో అయిదేళ్ళకు దగ్గర్లోని వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలిసింది. పురాణాలనే నిలదీసిన త్రిపురనేని రామస్వామి చౌదరి స్థిరపడింది తెనాలిలో. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం కొత్త మాట చెవినబడితే బెదిరిపోయే నేల కాదు. పోనీ, శరత్ నీతి తప్పని రచయిత గనక నచ్చాడందామా? ‘దేవదాసు’లో చంద్రముఖి వేశ్య. నాలుగు భాగాల ‘శ్రీకాంత్’లో రాజ్యలక్ష్మి పాటలు పాడి బతికిన మనిషి. ‘చరిత్రహీన్’ అయితే సొంత గడ్డ మీదే, నీతి లేదన్న కారణంతో, నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ చేతిలో తిరస్కారానికి గురైంది. పెళ్ళి గీత దాటిన ప్రేమ ఆయన నవలల నిండా ఉంది. అయితే ఆ ఆడవాళ్ళు సేవ చేస్తారు, త్యాగం చేస్తారు, తమను తాము తక్కువ చేసుకుంటారు. పాఠకుడు వాళ్ళ మీద జాలిపడొచ్చు, జాలిపడి తన ఇంటిని మాత్రం ఉన్నదున్నట్టే ఉంచుకోవచ్చు. ‘మైదానం’లో లాయరు భర్తను వదిలి ప్రియుడు అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి ఆ వీలు ఇవ్వదు. తన కథ తనే చెప్పుకుంటుంది, క్షమించమని అడగదు. పాఠకుల్ని చీల్చింది ఈ అడగకపోవడమేనని నా వాదన.

దీనికి నాకు కనిపించే గట్టి సాక్ష్యం విశ్వనాథ సత్యనారాయణ ‘చెలియలికట్ట’. ‘మైదానం’కు జవాబుగా విమర్శకులు చెప్పే ఈ నవలలోనూ పెళ్ళయిన స్త్రీ పరపురుషుడితో వెళ్ళిపోతుంది. మరి జవాబు ఎక్కడుంది? ఆమె తన తప్పు తెలుసుకుని కుమిలిపోవడంలో, చివరికి సముద్రం పాలవడంలో ఉంది. చలం ఏది రాయలేదని ఒక వర్గం నొచ్చుకుందో సరిగ్గా దాన్నే విశ్వనాథ పూరించాడు.

రాజేశ్వరికి మాత్రం సుఖాంతం దక్కిందా, ఆ కథా నెత్తుటితోనే ముగిసింది కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ దుఃఖపడడం వేరు, పశ్చాత్తాపపడడం వేరు. రాజేశ్వరి నష్టపోయింది, నలిగిపోయింది, అయినా వెళ్ళినందుకు చింతించలేదు. చలం భాష మోటు, అందుకే జనం ఈసడించుకున్నారనే మాటా ఉంది. అది కొంత నిజమే. శరత్ మాటున చెప్పినదాన్ని చలం ఎదుట నిలబెట్టాడు. అయితే శృంగార వర్ణన మన కావ్యాలకు కొత్తేమీ కాదు. ఇక్కడ కొత్తల్లా ఆ కోరిక గురించి ఒక ఇల్లాలు తన నోటితో మాట్లాడడమే.

తర్వాతి తరాల స్త్రీవాద పాఠకులు మరో అభ్యంతరం తెచ్చారు. గర్భం తీయించుకోమని పట్టుబట్టే అమీర్ దగ్గర ఆమెకు దొరికింది స్వేచ్ఛా, ఇంకో యజమానా అని అడిగారు. పాత తిట్లన్నిటికన్నా ఇది బరువైన విమర్శ. చలం ఆరాధకులు దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఎందుకంటే ఈ విమర్శ రాజేశ్వరిని కట్టుకున్నవాడి ఇంటికి తిరిగి పొమ్మనడం లేదు. మైదానంలో కూడా ఆమెకు రావలసినది పూర్తిగా రాలేదంటోంది.