చెట్లు కూలాయి, అప్పు నిలిచింది

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రుల్లో రెండో రోజు. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో వెలుగు వచ్చి చూసుకునేసరికి కొబ్బరి చెట్లు నడిమికి విరిగి, జీడి చెట్లు వేళ్లతో సహా పెళ్లగిలి పడున్నాయి. తాతలు నాటిన చెట్లవి. ఇంట్లో మనిషి పోయినట్టే ఏడ్చారు శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఉద్దానం జనం.

ఆ ఏడుపు చెట్ల కోసమే కాదు. ఆ చెట్లను నమ్మి చేసిన అప్పులున్నాయి.

పిల్ల పెళ్లికి తెచ్చినా, ఈ ప్రాంతాన్ని ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బు సోకిన మనిషిని విశాఖ తీసుకెళ్లడానికి తెచ్చినా, జీడి పిక్కలు అమ్మి తీరుస్తామన్న మాటే ఇక్కడ హామీ. పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలదీ అదే బతుకు. పిక్కలు వేసవిలోనే వస్తాయి. ఏడాదంతా పని నడవాలంటే అప్పుడే కొని గోదాము నింపుకోవాలి, చాలకపోతే ఆఫ్రికా నుంచి తెప్పించుకోవాలి. అంత డబ్బు బ్యాంకు ఇవ్వాల్సిందే. పప్పు ధర పడిపోతే గోదాములో సరుకు విలువ కరిగిపోతుంది, వడ్డీ మాత్రం కరగదు. సొంత డబ్బున్నవాడు మంచి ధర వచ్చేదాకా ఓపిక పడతాడు. అప్పు మీద నడిపేవాడు గడువుకు భయపడి, వచ్చిన ధరకే తెగనమ్ముకుంటాడు. పక్కపక్కనే ఉన్న రెండు ఫ్యాక్టరీల్లో ఒకటి నిలబడి ఒకటి మూతపడటానికి, నా దృష్టిలో, చాలాసార్లు ఈ ఒక్క తేడా చాలు.

మూతపడితే నష్టం యజమానితో ఆగదు. పప్పు ఒలిచి, గుండూ బద్దా వేరుచేసే ఆడవాళ్ల కూలి ఆగుతుంది. ఆ కూలితోనే కదా ఇంటి వడ్డీ కట్టుకుంటున్నది! ఆ వడ్డీ కోసం కొడుకులు చెన్నైకో హైదరాబాదుకో రైలెక్కుతారు. అప్పుడు నిలబడిన ఫ్యాక్టరీకి పనివాళ్లు కరువు. తోటలు పోయాక ఊరి పిక్కా కరువే. దూరపు పిక్క కొనాలంటే మళ్లీ అప్పు.

2018-19 నాటి జాతీయ నమూనా సర్వే చూస్తే గుండె బరువెక్కుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నూరు రైతు కుటుంబాల్లో 93 అప్పుల్లో ఉన్నాయి. సగటున ఇంటికి 2.45 లక్షల రూపాయలు. దేశం మొత్తం మీద ఆ సగటు 74 వేలే. తిత్లీ వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే.

2013లో ఫైలిన్ ఈ కొబ్బరి తోటల్ని ఒకసారి ఊపి వెళ్లింది. ఆనాడే ముసలి చెట్ల పక్కన కొత్త మొక్కలు లేచి ఉంటే! చెట్టు చెట్టుకూ బీమా అందేలా చూసి ఉంటే! తిత్లీ తర్వాతైనా ఒక దారి ఉండేది. నాటిన జీడి మొక్క మూడు నాలుగేళ్లకు గానీ కాపు మొదలుపెట్టదు, నిండుగా కాయాలంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది. అప్పు గడువు అన్నాళ్లు ఆగదు. కొత్త తోట కాపుకొచ్చేదాకా అసలుకు వ్యవధి ఇచ్చి, రైతునూ ఫ్యాక్టరీనీ కలిపి ఆదుకుని ఉంటే ఎన్ని సంసారాలు నిలబడేవో. పరిహారం కూలిన చెట్టుకు వచ్చింది. ఎదురుచూడాల్సిన ఏళ్లకు రాలేదు.

చెట్ల మీద అప్పే కాదు, జబ్బు అప్పూ ఉంది. పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. వైద్యం అప్పుల కింద అప్పటికే తోట అమ్ముకున్న ఇళ్లకు అది చాలా ఆలస్యంగా వచ్చింది.