ఏ క్లోన్ వాడావు?

రెండు జతల గ్లవ్స్ తొడుక్కోండి. ఒక జత చాలదా అనకండి, పై జత ఎలాగూ పావుగంటలో తడిసిపోతుంది. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థ, మూడో అంతస్తు, పొద్దున ఏడున్నర. క్యాంటీన్‌లో ఇడ్లీ వాయి ఇంకా దిగలేదు. హుడ్ ఫ్యాను హోరు తప్ప గదిలో వేరే చప్పుడు లేదు. బెంచీ మీద థర్మకోల్ డబ్బా నిండా ఐసు, ఐసులో ఒదిగిన ప్లాస్టిక్ గిన్నె, గిన్నెలో గులాబి రంగు మీడియం, అందులో చిట్టెలుక స్ప్లీన్. బళ్లో ప్లీహం అని చదువుకున్నామే, అదే.

వంగి చూడండి. సన్నగా, నాలుక ఆకారంలో, ముదిరి నల్లబడుతున్న పండుమిరప రంగులో ఉంది. బరువు గ్రాములో పదో వంతుకు అటూ ఇటూ. ఇందులో సుమారు పది కోట్ల కణాలుంటాయి. ఇందాకటి దాకా ఇది ఒక ప్రాణి ఒంట్లో ఉందన్న సంగతి దాటేసి పోను. జంతు నైతిక కమిటీ ఇన్ని ఎలుకలని లెక్కగట్టి అనుమతి ఇచ్చింది, అందులో ఒకటి ఈ పొద్దున తగ్గింది. రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాకే ఇక్కడికొచ్చాం.

మీ చేతికొక జల్లెడ ఇస్తున్నాను. నైలాన్‌ది, కన్నం 70 మైక్రాన్లు. స్ప్లీన్‌ని దాని మీద పెట్టి సిరంజి కాడ వెనక్కి తిప్పి మెల్లగా గుండ్రంగా రుద్దండి. చింతపండు పిసికినట్టు పిసికితే సగం కణాలు చస్తాయి. చూశారా, పైన తెల్లటి పొర మిగిలింది, సారమంతా కిందికి దిగింది. ఎర్రగా ఉన్న ఆ నీళ్లలో ఎక్కువ రక్తకణాలే. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం పోస్తే నిమిషం, నిమిషంన్నరలో అవి పగిలిపోతాయి. మసకగా ఉన్న ట్యూబు ఎలా తేటపడుతోందో వెలుతురుకు ఎత్తి చూడండి. ఇక ఆలస్యం చేస్తే మనకు కావలసినవీ పోతాయి. వెంటనే మీడియం పోసి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాలి, నాలుగు డిగ్రీల చల్లదనంలో, ఐదు నిమిషాలు.

ట్యూబు అడుగున పెరుగు మరకంత తెల్లని ముద్ద. ఇదీ మన సరుకు. కానీ ఇందులోని రోగనిరోధక కణాల్లో టీ కణం ఏది, బీ కణం ఏది? మైక్రోస్కోపు కింద రెండూ ఒకే మూసలో పోసిన గుండ్రాలు. తేడా అంతా పైపొర మీద నిలబడ్డ రిసెప్టర్లలో ఉంది, అవేమో కంటికి ఆనవు. వాటిని వెతికి పట్టి అంటుకునేదేదో కావాలి. అది ఐసు డబ్బాలో ఆ మూల చిన్న గొట్టాల్లో ఉంది.

ఆ గొట్టంలో ప్రతి యాంటీబాడీ అణువూ ఒకే కణం సంతానం తయారుచేసింది. ఆ ఒక్క కణం సంతానాన్నే క్లోన్ అంటారు, మోనోక్లోనల్ అంటే అంతే. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ కోలర్, సెసార్ మిల్‌స్టీన్ ఈ దారి తెరిచారు. చిట్టెలుకకు గొర్రె ఎర్రకణాలు ఎక్కించి, దాని స్ప్లీన్ కణాలను ఎంతకీ చావని క్యాన్సర్ కణాలతో కలిపి ఒకటి చేశారు. స్ప్లీన్ కణానికి యాంటీబాడీ చేయడం వచ్చు గానీ గిన్నెలో ఎక్కువ రోజులు బతకదు. క్యాన్సర్ కణానికి బతకడమే వచ్చు. రెండూ కలిసినవి మాత్రమే మిగిలేలా మీడియంలో మందు కలిపారు. ఫలితం చూడ్డానికి కోలర్ ల్యాబ్ బేస్‌మెంట్‌కి వెళుతూ భార్యను తోడు తీసుకెళ్లాడట. ప్లేటులో గొర్రె కణాలు కరిగి వలయాలు వలయాలుగా కనబడ్డాయి. 1984లో నోబెల్ వచ్చింది. ఆ పద్ధతికి పేటెంట్ మాత్రం లేదు. ఇవాళ మనం ఇంత చనువుగా గొట్టం మూత తీస్తున్నామంటే అదీ ఒక కారణం.

ఇక్కడో చిక్కుంది. మన ఇళ్లలో పెద్దదైనా చిన్నదైనా ఎలుకే. పొలంలో తిరిగే ఆ భారీదాన్ని పందికొక్కు అంటాం. ఇంగ్లీషువాళ్ల బ్యాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి పోయిందే. ల్యాబులో మాత్రం మౌస్, ర్యాట్ తేడా మరిచిపోతే పని జరగదు. చిట్టెలుక తన సొంత రిసెప్టర్ మీద యాంటీబాడీ చేయదు, అది దాని ఇంటి సరుకు. అందుకని చిట్టెలుక కణాలను ర్యాట్‌కి ఎక్కిస్తారు. సీడీ3, సీడీ4, సీడీ8 అనేవి మనం వెతికే టీ కణాల మీది రిసెప్టర్ల పేర్లు. మన సీడీ4 గొట్టం మీద జీకే 1.5 అని క్లోన్ పేరు ఉంది చూడండి, ర్యాట్ చేసినది, 1983లో వచ్చింది. సీడీ8 గొట్టం మీద 53-6.7, అదీ ర్యాట్‌దే. సీడీ3 గొట్టం మీదున్న 145-2సీ11 మాత్రం హ్యామ్‌స్టర్‌ది, 1987 నాటిది. చిట్టెలుకకు ర్యాట్ మరీ దగ్గరి చుట్టమైన చోట కాస్త దూరపు చుట్టం దగ్గరికి వెళ్తారన్నమాట.

ఆ 2సీ11తో మాత్రం జాగ్రత్త. అది టీ కణాన్ని గుర్తుపట్టి ఊరుకునే రకం కాదు, మీట నొక్కేస్తుంది. ప్లేటుకు అంటించి దాని మీద టీ కణాలు పోస్తే రెండు మూడు రోజుల్లో అవి ఉబ్బి, విభజన చెంది, గుంపులు కడతాయి. ఇంత ఐసు ఎందుకని ఇందాక అనుకున్నారు కదా? వెచ్చదనం తగిలితే యాంటీబాడీ అంటిన రిసెప్టర్లు ఒక పక్కకు చేరి కణం లోపలికి జారిపోతాయి. మనం చూడబోయినదాన్ని మనమే మాయం చేసినట్టవుతుంది.

సీడీ4 గొట్టం వైపు చేయి పోనిచ్చారు. ఆగండి, ముందు ఇది వేయాలి. 2.4జీ2.

"అక్కా, ఇది ఎయ్యకపోతే ఏమైతది?" మా జూనియర్ తలుపు నెట్టుకుని లోపలికొస్తూనే అడిగాడు. కరీంనగర్ కుర్రాడు, చేరి రెండు నెలలైంది.

సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణం కూడా టీ కణం వేషంలో కనబడుతుంది, అదీ అయ్యేది. యాంటీబాడీకి ముందు రెండు చేతులు, వెనకొక తోక. చేతులు తమకు కావలసిన రిసెప్టర్‌నే పట్టుకుంటాయి, నిజమే. కానీ మాక్రోఫేజ్‌ల మీద, బీ కణాల మీద తోకను పట్టే రిసెప్టర్లున్నాయి. వాటికి ఏ యాంటీబాడీ తోకైనా ఒకటే. ఆ తోక పట్టే రిసెప్టర్లను ముందుగానే కప్పేసేది 2.4జీ2. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జే అంకెలెస్ 1979లో ప్రకటించిన క్లోన్. ఆయన దాన్ని ఆ రిసెప్టర్ గురించి తెలుసుకోవడానికే తయారుచేశాడు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని పది నిమిషాల మూతలా వాడుకుంటోంది.

పది నిమిషాలయ్యాయి. ఇప్పుడు వేయండి, సీడీ3, సీడీ4, సీడీ8. లైటు ఆర్పేస్తున్నాను, వెలుతురుకి యాంటీబాడీలకు కట్టిన రంగులు వెలిసిపోతాయి. అరగంట ఖాళీ. స్టూలు లాక్కుని కూర్చోండి, ఈ చీకట్లో రెండు సంగతులు చెబుతాను.

మొదటిది డెన్వర్‌ది. జాన్ కాప్లర్, ఫిలిప్పా మారక్ భార్యాభర్తలు, ఒకే ల్యాబు. సొంత ఒంటి మీదికే తిరగబడే టీ కణాలు పుట్టవా, పుట్టి చస్తాయా, లేక బతికే ఉండి నోరు మూసుకుంటాయా అన్నది అప్పటికి ఎన్నో ఏళ్లుగా తేలని తగవు. వాళ్ల చేతిలో కేజే23ఏ అనే యాంటీబాడీ ఉంది. వీబీటా17ఏ అనే ముక్క ఉన్న టీ కణ రిసెప్టర్లనే అది పట్టుకుంటుంది. ఆ రిసెప్టర్ ఉన్న కణాలు చాలావరకు ఐ-ఈ అనే ప్రోటీన్ మీద విరుచుకుపడతాయి. ఐ-ఈ లేని ఎలుకల్లో ఈ కణాలు హాయిగా తిరుగుతున్నాయి. ఐ-ఈ ఉన్న ఎలుకల్లో వెతికితే ఎదిగిన టీ కణాల్లో అవి లేవు. నాకు నచ్చేది ఆ తర్వాతి అడుగు. అదే ఎలుకలో టీ కణాలు ఎదిగే చోటైన థైమస్‌లోని పసి కణాల మీద అదే యాంటీబాడీ చక్కగా అంటుకుంది. అంటే యాంటీబాడీ పనిచేస్తోంది, కణాలు పుడుతున్నాయి, ఎదిగే దారిలో పోతున్నాయి. 1987లో ‘సెల్’ పత్రికలో వచ్చింది. లేదు అని చెప్పడానికి ముందు, ఉన్నచోట చూపించారు.

రెండోది నాది, చెప్పుకోడానికి సిగ్గుపడేది. ఏడేళ్ల కిందట, వేరే ఊళ్లో వేరే ల్యాబు. జీకే 1.5ని ఎలుక కడుపులోకి ఎక్కిస్తే కొద్ది రోజుల్లో సీడీ4 కణాలు దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి. ఎక్కించాను. తర్వాత స్ప్లీన్ తీసి రంగు పట్టించి చూస్తే సీడీ4 చోటంతా ఖాళీ. సంబరంగా స్లైడు చేసి మీటింగులో చూపించాను. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ ఒకటే అడిగింది: "రంగు పట్టించడానికి ఏ క్లోన్ వాడావమ్మా?"

జీకే 1.5.

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మీకు తెలియంది కాదు. లోపలికెక్కి చూస్తే సీటు ఖాళీగానే ఉంటుంది, మీరు మాత్రం కూర్చోలేరు. నేను ఎక్కించిన యాంటీబాడీ ముందే సీట్లన్నీ ఆపేసింది. రంగు కట్టిన అదే యాంటీబాడీ తర్వాత వచ్చి చోటు దొరక్క వెళ్లిపోయింది. కణాలు చచ్చాయో, కప్పుకుని కూర్చున్నాయో నా స్లైడు చెప్పలేదు. సీడీ4 మీదే ఇంకో చోట అంటుకునే ఆర్‌ఎం4-4 క్లోన్‌తో చూసి ఉండాల్సింది. మళ్లీ చూస్తే చాలా కణాలు నిజంగానే పోయాయి గానీ, నా స్లైడులో ఉన్నంత శుభ్రంగా ఏమీ లేదు. మూడు నెలల పని తిరిగి చేశాను. మళ్లీ అన్నేసి ఎలుకలు పోయాయి, అసలు బాధ అది.

టైమరు మోగింది. కడిగి, జల్లించి, మెషిన్ దగ్గరికి పదండి. కణాలు ఒకదాని వెనక ఒకటి సన్నటి ధారలో నీలం లేజర్ ముందు నుంచి జారుతున్నాయి, సెకనుకు కొన్ని వేలు. తెర మీద ఒక్కో చుక్క ఒక్కో కణం. ముందు చీకట్లో మిణుగురుల్లా అక్కడక్కడా, అంతలోనే ముసురు పట్టినట్టు. కుడివైపు కింద చిక్కగా పేరుకున్న మబ్బు సీడీ4, ఎడమవైపు పైన కాస్త పలచగా ఉన్నది సీడీ8. మధ్యలో దాదాపు ఎవరూ లేరు. పొద్దున మీరు జల్లెడ మీద రుద్దిన స్ప్లీనే ఇది.

జూనియర్ నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. తొంగి చూశాను. "సీడీ4 యాంటీబాడీ వేసినం" అని ఉంది, అంతే.

"ఏ క్లోన్?"

"క్లోన్ ఏంది అక్కా, సీడీ4 అంటే సీడీ4యే గదా?"

పెన్ను తీసుకుని ఆ లైను పక్కన జీకే 1.5, ర్యాట్ ఐజీజీ2బీ, లాట్ నంబరు అని రాశాను. మీకూ ఒక పేజీ చించి ఇస్తున్నాను. గొట్టాల మూతలు పెట్టేలోపు మిగతా మూడింటివీ మీరు రాయండి, 2.4జీ2తో సహా.