తరఫ్‌దారీ: బీదరు పాలనా పద్ధతి, స్ట్రాటజీ గేముల్లో ప్రభుత్వ రూపాలు

తరఫ్‌దారీ అంటే బహమనీ సుల్తానులు దక్కనును ఏలిన పద్ధతి. రాజ్యాన్ని తరఫ్‌లనే పెద్ద రాష్ట్రాలుగా విడగొట్టి ఒక్కోదాన్ని ఒక్కో సర్దారు చేతిలో పెట్టేవారు. శిస్తు వసూలు, సైన్యం, కోటలు, కింది ఉద్యోగాల నియామకాలు అన్నీ ఆ తరఫ్‌దారు చూసుకోవాల్సినవే. చారిత్రక స్ట్రాటజీ గేములు తయారుచేసేవాళ్లు ప్రతి ప్రభుత్వ రూపానికీ ఇన్ని బలాలు, ఇన్ని బలహీనతలు అని పట్టిక వేసుకుంటారు. తరఫ్‌దారీని ఆ పట్టికలో దించబోతే చిక్కొస్తుంది. ఇందులో సరిహద్దును కాపాడినవాడే చివరికి దాన్ని తన పేర రాసుకున్నాడు.

నాలుగు తరఫ్‌లు

మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద తిరగబడ్డ దక్కను అమీర్లు 1347లో అల్లావుద్దీన్ హసన్ బహమన్ షాను గద్దెనెక్కించారు. తిరుగుబాటులో పుట్టిన రాజ్యం కాబట్టి అందులో వాటా అడిగేవాళ్లకు కొదవ లేదు. రాజధాని గుల్బర్గా. రెండో సుల్తాను మొదటి మహమ్మద్ షా (1358–75) పాలనను గట్టి పద్ధతిలో పెట్టాడు. దౌలతాబాదు, బీరారు, గుల్బర్గా, తెలంగాణ వైపు బీదరు అనే నాలుగు తరఫ్‌లు కుదురుకున్నది అప్పుడే. ఒక్కో తరఫ్‌దారుకు ఒక్కో బిరుదు ఉండేది. రాజధాని ఉన్న గుల్బర్గా తరఫ్‌ను నమ్మకస్థుడికి ఇచ్చి అతణ్ణి మలిక్ నాయబ్ అనేవారు.

1422లో గద్దెనెక్కిన అహ్మద్ షా వలీ రాజధానిని బీదరుకు మార్చి, దానికి మహమ్మదాబాదు అని పేరు పెట్టాడు. ఓరుగల్లు ఆయన కాలంలోనే బహమనీల వశమైంది. గోల్కొండ అంతకు ముందే ఓరుగల్లు పాలకుడు కాపయ నాయకుడి నుంచి వచ్చి చేరింది. రాజమహేంద్రవరం ఒడిశా గజపతి రాజుల నుంచి 1470ల మొదట్లో దక్కింది. పడమట గోవా 1472లో చేతికొచ్చింది. నేల ఇంత పెరిగినా తరఫ్‌లు మాత్రం నాలుగే. ఒక్కో తరఫ్‌దారు ఒక్కో చిన్న సుల్తానంత అయ్యాడు.

గవాన్ కత్తెర

మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి 1453 ప్రాంతంలో బీదరుకు వచ్చిన వర్తకుడు. కొలువులో చేరి, మూడో మహమ్మద్ షా కాలానికి (1463–82) ప్రధానమంత్రి అయ్యాడు. బీదరులో ఈనాడు సగం కూలి కనిపించే మదర్సాను 1472లో కట్టించింది ఆయనే. రాజ్యానికి ఎక్కడ పగులు పడుతోందో గుర్తించి, అక్కడే కత్తెర పెట్టాడు. నాలుగు తరఫ్‌లను ఎనిమిది చేశాడు. బీరారు నుంచి గావిల్, మాహూరు. దౌలతాబాదు నుంచి జున్నర్. గుల్బర్గా నుంచి బీజాపూరు విడివడ్డాయి. తెలంగాణ వైపున్న నాలుగో తరఫ్ రాజమహేంద్రవరం, ఓరుగల్లుగా రెండు ముక్కలైంది.

విడగొట్టడం ఎవరైనా చేస్తారు. గవాన్ పనితనం దాని వెనక పెట్టిన చిన్న నియమాల్లో ఉంది. తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే ఉండాలి. మిగిలిన కోటల దుర్గాధిపతులను సుల్తానే నియమిస్తాడు. ప్రతి తరఫ్‌లోనూ కొంత భూమి ఖాసాగా ఉండి, దాని శిస్తు నేరుగా బీదరుకు చేరుతుంది. ఇక జీతాల సంగతి. అయిదు వందల మంది సైనికులను పోషించే సర్దారుకు అప్పటిదాకా ఏటా లక్ష హొన్నులు (బంగారు నాణేలు) ముట్టేవి. గవాన్ దాన్ని లక్షా పాతిక వేలకు పెంచాడు. తనిఖీలో తల తక్కువైతే మాత్రం ఆ తలకు తగ్గ సొమ్ము కోత. కాగితం మీద అయిదు వందల మందిని చూపి, గుర్రాల సాలలో మూడు వందలతో సరిపెట్టే అలవాటుకు అంతకన్నా మంచి మందు లేదు.

కోటలను రాజు గుప్పెట్లో ఉంచుకోవాలన్న ఈ ఆలోచన తుంగభద్రకు అవతలి వాళ్లకు కొత్తేమీ కాదు. సైన్యాన్ని పోషించే షరతు మీద నాయకులకు అమరాలనే భూములిచ్చిన విజయనగరానికీ ఇదే తలనొప్పి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో కోటలను బ్రాహ్మణులకు అప్పగించమని చెప్పింది, కోట ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ల చేతిలో ఉన్నట్టేనని తెలిసే.

కానీ కోత పడ్డవాళ్లు ఊరుకోలేదు. దర్బారు అప్పటికే రెండుగా చీలి ఉంది. స్థానికంగా పాతుకుపోయిన దక్కనీలు ఒకవైపు, ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చిన ఆఫాకీలు ఇంకోవైపు. పదవుల్లో ఇద్దరికీ సమంగా పంచాలని గవాన్ చూసినా, ఆయన స్వయంగా ఆఫాకీ. దక్కనీల పెద్ద మలిక్ హసన్ చేతిలోని తెలంగాణే రెండు ముక్కలైంది. దక్కనీలు గవాన్ ముద్ర కొట్టిన ఖాళీ కాగితం సంపాదించి, అందులో గజపతికి రహస్య లేఖ రాసినట్టు పుట్టించారు. మత్తులో ఉన్న సుల్తాను విచారణ మాటే ఎత్తలేదు. 1481 ఏప్రిల్ 5న కొండపల్లి దగ్గర దండు విడిదిలో గవాన్ తల తీయించాడు. తప్పు తెలిసొచ్చి కుమిలిన సుల్తాను మరుసటి ఏడాదే పోయాడు.

ఆటబల్ల మీదికి

కంప్యూటరు గేముల్లో ప్రభుత్వాల పట్టికను ఇంటింటి మాట చేసింది 1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన 'సివిలైజేషన్'. అందులో మొదట దక్కేది నిరంకుశత్వం. మూడో అంతకన్నా ఎక్కువో పండే గడిలో ఒకటి తగ్గిస్తుంది. తర్వాత రాచరికం, గణతంత్రం, కమ్యూనిజం, ప్రజాస్వామ్యం వస్తాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే మధ్యలో కొన్నాళ్ల అరాచకం భరించాలి. దాని నియమాల్లో బీదరు చరిత్ర చదివినవాణ్ణి వెంటనే పట్టేసేది అవినీతి లెక్క. రాజధానికి ఊరు ఎంత దూరమైతే వసూలు అంత కారిపోతుంది. రాజమహేంద్రవరం శిస్తు బీదరు చేరే కథే అది.

అయితే ఆ లెక్కలో దూరమే తప్ప మనిషి లేడు. కారిపోయిన సొమ్ము ఎవరి పెట్టెలోకీ పోదు, ఊరికే మాయమవుతుంది. అసలు బీదరులో అది తరఫ్‌దారు పెట్టెలోకి పోయి, గుర్రాలై, ఒకనాడు సైన్యమై తిరిగొచ్చింది. రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ అదే కాలంలో బీదరు చూసి, పల్లె జనం దరిద్రాన్నీ సర్దార్ల వైభవాన్నీ పక్కపక్కన రాసుకున్నాడు. పారడాక్స్ కంపెనీ గేములు ఈ వైపు కొంత నడిచాయి. క్రూసేడర్ కింగ్స్ ఆటల్లో సామంతులకు పేర్లు, పగలు, కూటములు ఉంటాయి. 2013లో వచ్చిన యూరోపా యూనివర్సాలిస్ 4 ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. అంటే బీదరులో రెండో అల్లావుద్దీన్ అహ్మద్ షా గద్దె మీదుండగా అన్నమాట. బహమనీ రాజ్యాన్ని తీసుకుని ఆడొచ్చు కూడా. 2018లో 'ధర్మ' అనే అదనపు భాగం వచ్చినప్పుడు ఈ ఆటలో ప్రభుత్వాలను మెట్టు మెట్టుగా ఎంచుకునే సంస్కరణలుగా మార్చారు. నా లెక్కలో అది మంచి మార్పే. చరిత్రలో ప్రభుత్వం ఒకే రోజు మారదు, గవాన్ చేసినట్టు ఒక్కో నియమంతోనే మారుతుంది.

సొంతంగా ప్రయత్నించాలనుకునేవాళ్లకు 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఫ్రీసివ్ అనే గేము ఉంది. దాని ప్రభుత్వాల నియమాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి, ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. తరఫ్‌దారీని రాసేటప్పుడు బలానికి ఒక వరస, బలహీనతకు ఒక వరస పెట్టకండి. సరిహద్దు రాష్ట్రానికి సైన్యం ఖర్చు తక్కువ, బలగం ఎక్కువ అని రాస్తే, ఆ బలగం పెరిగిన కొద్దీ రాజధాని మాట వినే శాతం తగ్గేట్టు రాయాలి. రాష్ట్రాలను రెట్టింపు చేసే మీట ఉండాలి, అది నొక్కితే వసూలు పెరిగి దర్బారులో పగ కూడా పెరగాలి. సంస్కరణ తెచ్చిన మంత్రి పోయే ముప్పు ఉండాలి. ఆయన పోతే నియమాలు రద్దు కాకూడదు. తరఫ్‌ల సరిహద్దు గీతలు అలాగే ఉండాలి.

ఎందుకంటే బీదరులో గీతలు అలాగే ఉండిపోయాయి. మలిక్ హసన్ కొడుకు అహ్మద్ 1490లో జున్నర్ నుంచే స్వతంత్రం ప్రకటించి నిజాం షాహీ రాజ్యానికి పునాది వేశాడు. జున్నర్ తరఫ్ గవాన్ విభజనలో పుట్టిందే. ఆ రోజుల్లోనే బీజాపూరులో యూసుఫ్ ఆదిల్ ఖాన్, బీరారులో ఫతుల్లా ఇమాదుల్ ముల్క్ విడిపోయారు. తెలంగాణ వైపు కులీ కుతుబ్ షా గోల్కొండలో నిలదొక్కుకున్నాడు.

బీదరు ఎవరూ గెలవకుండానే చేయి మారింది. ఖాసిం బరీద్, తర్వాత అతని కొడుకు అమీర్ బరీద్ మంత్రులుగా ఉంటూనే ఏలారు. 1518లో సుల్తాను మహమూద్ షా పోయాక అమీర్ బరీద్ వరసగా నలుగురు సుల్తానులను కూర్చోబెట్టాడు. నాలుగోవాడు కలీముల్లా బీదరు విడిచి పారిపోయాడు. తర్వాత బరీద్ షాహీలు షా బిరుదు పెట్టుకుని మరికొన్ని తరాలు ఏలారు. 1619లో బీదరును బీజాపూరు కలిపేసుకుంది. గవాన్ ఎనిమిది తరఫ్‌ల్లో బీజాపూరు ఒకటి.