సముద్రం దాటని ఇంటిపేర్లు

తెలుగువారి ఇంటిపేరు చాలా సందర్భాలలో ఒక ప్రయాణానికి గుర్తు. కందుకూరి వీరేశలింగం పంతులు 1848లో జన్మించింది రాజమహేంద్రవరంలో. టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో జన్మించింది వినోదరాయునిపాలెంలో. ఒకరి ఇంటిపేరులో కందుకూరు, మరొకరి ఇంటిపేరులో టంగుటూరు నిలిచి ఉన్నాయి. ఊళ్లోనే ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరుతో పిలవవలసిన అవసరం ఎవరికీ రాదు. ఊరు విడిచి వేరొక చోట స్థిరపడినప్పుడే, అక్కడివారు వానిని పాత ఊరితో కలిపి గుర్తిస్తారు. వ్యాకరణం కూడ ఈ మాటనే చెపుతుంది. కందుకూరు కందుకూరి అయినట్లే, పాడు పాటి అయినట్లే, ఇల్లు ఇంటి అయింది. ‘ఇంటిపేరు’ అన్న మాట సైతం ఆ ఔపవిభక్తికంతోనే ఏర్పడింది.

ఊరి పేర్లే కాక వృత్తులు, పదవులు, పూర్వపురుషుల పేర్లు కూడ ఇంటిపేర్లయినాయి. తిక్కన సోమయాజి వంశానికి గల ‘కొట్టరువు’ అన్న పేరు ధాన్యపు కొట్టును స్ఫురింపజేస్తుంది. పోతన పేరుకు ముందున్న బమ్మెర ఓరుగల్లు ప్రాంతంలోని గ్రామం. 1213 నాటి పాలంపేట శాసనంలో రామప్ప గుడి కట్టించిన రుద్రుడు రేచర్ల వంశంవాడుగా కనిపిస్తాడు. అంతకు వెయ్యేళ్ల క్రిందట పరిస్థితి వేరు. సాతవాహనులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అనీ, విజయపురి ఇక్ష్వాకులు మాఠరీపుత్ర అనీ తల్లి వైపు గోత్రనామంతో తమను చెప్పుకొన్నారు. రాజ్యం మాత్రం తండ్రి నుండి కొడుకుకే సంక్రమించింది. పేరు తల్లిది, సింహాసనం తండ్రిది అన్న ఈ ఏర్పాటు చరిత్రకారులను నేటికీ ఆలోచింపజేస్తూనే ఉన్నది.

పేరుకు ముందు ఇంటిపేరును నిలపటం మనకొక్కరికే చెందిన ఆచారం కాదు. సింహళీయుల ‘గె’ పేర్లు కూడ వ్యక్తి పేరుకు ముందే వస్తాయి. 1505లో పోర్చుగీసువారు లంకకు వచ్చిన తరువాత తీరప్రాంతాలలో పెరీరా, సిల్వా, ఫెర్నాండో వంటి పేర్లు వ్యాపించాయి. ఐనా పాత పేర్లు పూర్తిగా తొలగిపోలేదు. శ్రీలంక క్రికెట్ ఆటగాడు చమింద వాస్ పూర్తి పేరు వర్ణకులసూర్య పటబెందిగె ఉశాంత జోసెఫ్ చమింద వాస్. వంశనామం, ఇంటి పేరు, సొంత పేర్లు, క్రైస్తవ నామం, పోర్చుగీసు పేరు - నాలుగైదు శతాబ్దాల చరిత్ర ఆ ఒక్క పేరులో ఒదిగి ఉంది. కొత్త పేరు వచ్చి చివర చేరినా, పాతది మొదట అలాగే ఉండిపోయింది.

సముద్రం దాటిన తెలుగు కూలీలకు ఆ అవకాశం దక్కలేదు. మారిషస్‌కు ఒప్పంద కూలీల వలస 1834లో మొదలైంది. నేటాలుకు మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు నేటాలుకు వెళ్లినవారు 1,52,184 మంది. ఆ ఓడల జాబితాలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య. ఆపైన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, చివరకు ఒంటిమీది పుట్టుమచ్చల వరకు గడులున్నాయి. ఇంటిపేరుకు గడి లేదు. పనివాణ్ణి గుర్తు పట్టటానికి పుట్టుమచ్చ అవసరమైంది గాని, అతని ఇంటిపేరుతో ఎవరికీ పని పడలేదు.

తరువాతి తరాలకు, పాశ్చాత్య పద్ధతిలో, పేరు చివర ఒక వంశనామం కావలసివచ్చింది. అప్పుడు కాగితం మీద ఉన్నవే అక్కరకు వచ్చాయి. మారిషస్‌లో తాతగారి సొంత పేరే వంశనామమయింది. అప్పన్న, అప్పడు, రామన్న వంటివారి పేర్లు ఫ్రెంచి ఉచ్చారణలో ఒదిగి మనుమలకు సంక్రమించాయి. నేటాలులో నాయుడు, రెడ్డి వంటి గౌరవవాచకాలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఫలితంగా ఏ సంబంధమూ లేని వేలాది కుటుంబాలకు ఒకే పేరు అమరింది. ఇక్కడ ఒక వైచిత్రి ఉన్నది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ సభ కులసూచకాలను పేర్ల నుండి తొలగించాలని తీర్మానించింది. తమిళులు బుద్ధిపూర్వకంగా విడిచిపెట్టిన అటువంటి తోకనే, సముద్రానికి ఆవల గుమాస్తా కలం తెలుగువారికి శాశ్వతంగా తగిలించింది.

ఇంటిపేరు పోవటం వల్ల కలిగిన నష్టం అలంకారప్రాయమైనది కాదు. పెండ్లి సంబంధాలలో సగోత్రులను, దాయాదులను గుర్తించటానికి సామాన్య కుటుంబాలకు ఉన్న ప్రధాన ఆధారం అదే. (ఆడపిల్లకు పెండ్లితోనే ఈ నష్టం సంభవిస్తున్నదన్న సంగతిని మన పండితులు అంతగా పట్టించుకొన్నట్లు లేదు.) ఇళ్ల పేర్లు మరుగున పడగా, రేవు పేరు మాత్రం నిలిచింది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి 1839 ఉప్పెనలో దెబ్బతిన్నది. ఐనా బర్మాలో తెలుగు కూలీని ‘కొరంగీ’ అనే పిలిచారు. 1930 మే నెలలో రంగూను రేవులో చెలరేగిన అల్లర్లలో దాడికి గురైనవారు ఈ ‘కొరంగీ’లే. ఏ ఊరివారైనా, ఏ ఇంటివారైనా అందరికీ అదొక్కటే పేరు.

మారిషస్ రచయిత్రి నటాషా అప్పనా 2023లో ప్రచురించిన ఫ్రెంచి గ్రంథంలో, 19వ శతాబ్దంలో తెలుగుదేశం నుండి వచ్చిన తన పూర్వీకుల జాడను వలస పత్రాలలోని సంఖ్యల ఆధారంగా వెదికారు. ఇటువంటి అన్వేషణ నేడు అనేక కుటుంబాలలో సాగుతున్నది. పాత జాబితాలలో జిల్లా దొరుకుతుంది. వంకర వర్ణక్రమంలోనైనా గ్రామం దొరుకుతుంది. అంత దూరం నుండి ఆ గ్రామానికి వచ్చినవారిని రచ్చబండ మీది పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ‘‘మీ ఇంటిపేరేమిటి బాబూ?’’