గుడ్లకొచ్చే దాకా: ఉత్తరాంధ్రలో పెరటి పెట్టల మేత

కోడిపిల్ల తల్లి రెక్కల కింద నుంచి బయటికొచ్చి తొలి గుడ్డు పెట్టే వరకు తినేదంతా గుడ్లకొచ్చే దాకా పెట్టే మేత కిందికే వస్తుంది. నాటు పెట్ట గుడ్లకు రావడానికి ఆరేడు నెలలు పడుతుంది. మొదటి నెలన్నర ఇంటిల్లిపాదీ పిల్లలను కనిపెట్టుకుని ఉంటారు. గుడ్డు పడ్డాక మళ్ళీ అందరి చూపూ పెట్ట మీదే. ఎముక, కండ గట్టిపడేది మాత్రం ఈ రెంటికీ నడుమ ఉన్న నాలుగైదు నెలల్లో. ఎవరూ పెద్దగా పట్టించుకోనిదీ ఆ నెలల్నే.

పొందూరు చుట్టుపక్కల శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ మేత కథ కొండల దగ్గరే మొదలవుతుంది. పెంపుడు కోడికి మూలమైన ఎర్ర అడవికోడి, గోదావరికి ఉత్తరాన తూర్పు కనుమల్లో ఇప్పటికీ తిరుగుతోంది. నేలను కాళ్ళతో గీరి గింజలు, లేత చిగుళ్ళు, చెదలు, పురుగులు ఏరుకోవడం దాని బతుకు. పెరటి కోడి ఆ పనే పెంటకుప్ప మీద, కళ్ళం చుట్టూ చేస్తుంది.

ఇంట్లో వడ్లు దంచుకున్న రోజుల్లో పెట్టలకు వేరే దాణా అక్కర్లేకపోయేది. రోకలి పోటు ఆగి చేట చేతికి రాగానే కోళ్ళు చుట్టూ మూగేవి. చెరిగినప్పుడు రాలే తవుడు, నూకలు, మట్టగింజలు వాటి వాటా. చోళ్ళు, గంటెలు నూర్చే కాలంలో కళ్ళం మీదే కడుపు నిండేది. పిల్లలకు చెదలు పట్టిపెట్టే పద్ధతి మరీ తెలివైనది. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి, చిరిగిన గోనెముక్క కుక్కి, సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తారు. తెల్లవారి కుండ ఎత్తితే లోపలంతా చెదలు పట్టి ఉంటాయి. నేల మీద విదిలిస్తే పిల్లలు క్షణాల్లో ఏరేస్తాయి. గింజల్లో చాలని మాంసకృత్తులు ఎదిగే పిల్లకు పైసా ఖర్చు లేకుండా అలా అందేవి.

రైసుమిల్లు రావడంతో దంపకం పోయింది, తవుడు కొనే సరుకైంది. ఆ తవుడు విలువేమిటో లోకానికి తెలిపింది కూడా కోళ్ళే. 1890ల్లో జావాలోని బటావియాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, బాగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, ముడిబియ్యం పెడితే అవి కోలుకోవడం గమనించాడు. బి1 విటమిన్ సంగతి తేలడానికి దారి అక్కడ పడింది. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి దక్కింది. ఎండ తగలని కోడిపిల్లల కాళ్ళు వంకరపోవడానికి డి విటమిన్ లోపమే కారణమని 1920ల్లో తేలాక, కోళ్ళను ఏడాది పొడవునా నాలుగు గోడల మధ్య పెంచడం సాధ్యమైంది. రోజంతా ఎండలో తిరిగే పెరటి పెట్టకు ఆ బెంగ లేదు.

తవుడు తర్వాత, నూనె తీయగా మిగిలే చెక్కల సంగతి కాస్త విడమరచి చెప్పాలి. గానుగ నుంచి వచ్చే నువ్వుల చెక్కను ఇక్కడ తెలగపిండి అంటారు, మనుషులూ కూర వండుకుంటారు. వేరుశనగ చెక్కలో కొరవడే మిథియోనైన్ అనే అమైనో ఆమ్లం ఇందులో పుష్కలం, కాబట్టి రెండూ కలిపితేనే మేలు. వేరుశనగ చెక్క తడిసి బూజు పడితే మాత్రం విషమే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, ఆరా తీయగా మేతలోని బూజుపట్టిన వేరుశనగ దొరికింది. ఆ బూజు విషానికి అఫ్లాటాక్సిన్ అనే పేరు ఆ వెతుకులాటలోనే పుట్టింది. పొందూరు ఖద్దరుకు పత్తి ఏకే ఇళ్ళలో గింజలు మిగులుతాయి. పశువులకు అవి మంచి దాణా, పెట్టలకు కాదు. వాటిలోని గాసిపాల్ గుడ్డు సొనను ఆకుపచ్చగా మారుస్తుంది.

వయసును బట్టి దాణా మార్చాలన్న లెక్క వాణిజ్య ఫారాలతో పాటు వచ్చింది. భారతీయ ప్రమాణాల ప్రకారం పిల్లల దాణాలో 20 శాతం, ఎదిగే పెట్టల దాణాలో 16 శాతం, గుడ్లు పెట్టేవాటికి 18 శాతం మాంసకృత్తులు ఉండాలి. కాల్షియం ఎదిగేవాటికి ఒక శాతం చాలు, గుడ్ల పెట్టలకు మూడు శాతం కావాలి. బజారులో దొరికింది కదా అని గుడ్ల దాణానే మూడు నెలల పెట్టకు వేస్తే, ఎక్కువైన కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

1988లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన సంస్థ ఈ లెక్కలను మళ్ళీ పెరట్లోకి తెచ్చింది. అక్కడ రూపొందిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను ఆరు వారాలు వెచ్చగా ఒకచోట పెంచి, కొక్కెర తెగులు టీకాలు వేసి, ఆ తర్వాత బయట వదులుతారు. వనరాజా పెట్ట బరువు పట్ల జాగ్రత్త అవసరం. ఆరో నెలకు రెండుంబావు, రెండున్నర కిలోల దగ్గర ఉండాలి. ముద్దుచేసి మొక్కజొన్న మేపితే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. పగలంతా తిరిగి తినొచ్చిన పెట్టకు సాయంత్రం గూట్లోకి పిలిచేటప్పుడు గుప్పెడు నూకలు, తవుడు, కాస్త తెలగపిండి చాలు. తిరిగే చోటు ఇరుకైతే ఈ మేత పెంచాలి, వానాకాలం పురుగులు దండిగా దొరికితే తగ్గించాలి. ఏ పుస్తకంలోని పట్టిక కంటే సాయంత్రం పెట్ట మేతసంచిని వేళ్ళతో తడిమి చూడడమే నమ్మదగిన కొలత.

తల మీది జుట్టు ఎర్రబడి, చెయ్యి దగ్గరకు తెస్తే పెట్ట నేలకు ఒదిగి కూర్చుంటోందంటే గుడ్డుకు వేళైనట్టే. దంచిన ఆలిచిప్పలో, సున్నపురాయి పొడో రోజుకు నాలుగైదు గ్రాముల చొప్పున అప్పుడు మొదలుపెడతారు. దాణాలో కలపకుండా వేరే మూకుడులో ఉంచితే, కావలసిన పెట్టే వెళ్ళి తింటుంది, ఇంకా ఎదుగుతున్నవాటి జోలికి అది పోదు.