పరిహారం దయ కాదు, విధి

సిగాలోవాద సుత్తంలో తథాగతుడు యజమానికి ఐదు విధులను నిర్దేశించాడు. శక్తికి తగిన పని, అన్నం, వేతనం, వేళకు విశ్రాంతి వాటిలో ఉన్నాయి. జబ్బుపడిన పనివానికి శుశ్రూష చేయడమూ వాటిలో ఒకటి. దానిని తథాగతుడు దానంగా గాక విధిగా చెప్పాడు.

మన దేశంలో ఆ విధి చట్టరూపం దాల్చడానికి చాలా కాలం పట్టింది. 1855 నాటి చట్టం కింద మృతుని కుటుంబం యజమాని తప్పును కోర్టులో రుజువు చేయవలసి వచ్చేది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ఆ భారాన్ని తొలగించింది. పని కారణంగా, పనివేళలో ప్రమాదం జరిగితే, యజమాని తప్పుతో నిమిత్తం లేకుండా పరిహారం చెల్లించాలన్నది దాని మూలసూత్రం.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 నుండి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను నిర్వహించారు. ఆ కాలంలోనే, 1944లో, కార్మికుల ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదిక వెలువడింది. ఆ పునాదిపై 1948లో కార్మిక రాజ్య బీమా చట్టం వచ్చింది. చికిత్స, పని చేయలేని కాలానికి భృతి, మృతుని ఆశ్రితులకు పింఛను హక్కులయ్యాయి.

అయినా గుత్తేదారు మాటపై మురుగు కాలువలోకి దిగే సఫాయి కార్మికునికి ఆ రక్షణ తరచుగా అందలేదు. 1993 నుండి అలా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

పనిలోకి దింపినదెవరో తెలిపే కాగితం లేనిచోట ఆ ఆదేశం అమలు కావడం కష్టం. ఆ సాక్ష్యాన్ని సేకరించడంలో బాధిత కుటుంబానికి తోడు నిలవడం ప్రతి ఉపాసక సంఘం ధర్మం.