పిల్లల మూత్రపిండ రాళ్ళు - మూత్ర సూచికలు

మూత్రపిండాలలో రాళ్ళు ఉన్న పిల్లలలో మూత్రపిండ కణజాలం దెబ్బతిన్నదా లేదా అని తెలుసుకొనుటకు మూత్రంలో కొలిచే ప్రోటీనులను, ఎంజైములను మూత్ర సూచికలు అంటారు. రాయి ఎక్కడ ఉన్నదో, ఎంత ఉన్నదో స్కానింగు తెలుపుతుంది. ఆ రాయి వలన మూత్రపిండ కణాలకు హాని కలుగుతున్నదా అన్న ప్రశ్నకు ఈ సూచికలు కొంతవరకు సమాధానమిస్తాయి.

నేపథ్యం

కొత్తచెరువు శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమిపై సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఎండల్లో చెమట ఎక్కువగా పోయి, తగినంత నీరు త్రాగనప్పుడు మూత్రం చిక్కబడుతుంది. అందులోని కాల్షియం, ఆక్సలేటు వంటి లవణాలు స్ఫటికాలుగా మారి రాళ్ళు కడతాయి. బోరు నీటి కాఠిన్యమే రాళ్ళకు కారణమన్న నమ్మకం జనంలో ఉన్నది గాని, అది రుజువు కాలేదు. నీరు తక్కువగా త్రాగడం మాత్రం రుజువైన కారణం. పిల్లలలో దీనికి తోడు మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోవడం, సిట్రేటు తక్కువగా ఉండడం, సిస్టిన్యూరియా వంటి వంశపారంపర్య లోపాలు కూడా కారణమవుతాయి.

హాని జరిగే విధానం

స్ఫటికాలు వృక్కనాళికల లోపలి కణాలకు అంటుకొని వాటిని గాయపరుస్తాయి. రాయి మూత్రనాళంలో అడ్డుపడితే మూత్రం వెనుకకు ఒత్తి మూత్రపిండం ఉబ్బుతుంది. దీనికి సూక్ష్మజీవుల సంక్రమణ తోడైతే నష్టం త్వరగా పెరుగుతుంది.

రక్తపరీక్ష ఎందుకు చాలదు?

రక్తంలో క్రియాటినిన్ కండరాల నుండి వస్తుంది. పిల్లలకు కండరాలు తక్కువ కనుక వారిలో దాని విలువ సహజంగానే తక్కువ. పెద్దవారిలో మామూలుగా భావించే 0.9 మి.గ్రా. విలువ పసివారిలో ప్రమాద సూచన కావచ్చు. 2009 నాటి ష్వార్ట్జ్ సూత్రం ప్రకారం, సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి క్రియాటినిన్ విలువతో భాగించాలి. 100 సెం.మీ. ఎత్తు గల పిల్లవానికి క్రియాటినిన్ 0.9 ఉంటే వడపోత రేటు సుమారు 46 అవుతుంది. ఇది సాధారణ స్థాయిలో దాదాపు సగమే. అంతేగాక ఒక మూత్రపిండం దెబ్బతిన్నా రెండవది ఆ పనిని భరించడం వలన క్రియాటినిన్ చాలాకాలం పెరగకపోవచ్చు.

ముఖ్యమైన సూచికలు

* ఎన్.ఎ.జి.: సమీపస్థ నాళికా కణాలలో ఉండే ఎంజైము. దీని అణువు పెద్దది కావడం వలన రక్తం నుండి వడపోతలో దిగదు. మూత్రంలో పెరిగితే అది నాళికల నుండే వచ్చిందని భావించవచ్చు.
* బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్: వడపోతలో దిగి, నాళికలచే తిరిగి పీల్చుకోబడే చిన్న ప్రోటీను. నాళికలు పని చేయనప్పుడు మూత్రంలో కనిపిస్తుంది. ఆమ్ల మూత్రంలో ఇది విచ్ఛిన్నమవుతుంది.
* కిమ్-1: గాయపడిన సమీపస్థ నాళికా కణాలపై ఏర్పడే ప్రోటీను. దీనిని 1998లో వర్ణించారు.
* ఎన్‌గాల్: గాయమైన కొద్ది గంటలలోనే పెరిగే ప్రోటీను. గుండె శస్త్రచికిత్స జరిగిన పిల్లలపై 2005లో వెలువడిన అధ్యయనంతో ప్రసిద్ధి చెందింది. తీవ్ర అస్వస్థతలో ఉన్న పిల్లలకు దీని మూత్ర పరీక్షను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో అనుమతించింది. ఆ అనుమతి రాళ్ళ వ్యాధిని ఉద్దేశించినది కాదు.

పరిమితులు

సూచిక పెరిగినంత మాత్రాన రాయే కారణమని చెప్పలేము. తెల్ల రక్తకణాలలో కూడా ఎన్‌గాల్ ఉండడం వలన, మూత్రంలో సంక్రమణ ఉన్నా దాని విలువ పెరుగుతుంది. అందుచేత మూత్ర కల్చరు కూడా చేయించవలసి ఉంటుంది. మూత్రం చిక్కదనం రోజులోనే మారుతుంది గనుక ఫలితాన్ని మూత్ర క్రియాటినిన్‌తో నిష్పత్తిగా చూస్తారు. ధ్వని తరంగాలతో రాయిని పొడిచేసిన తరువాత ఈ విలువలు తాత్కాలికంగా పెరుగుతాయి. ఒక వైపు మూత్రనాళం పూర్తిగా మూసుకుపోతే ఆ వైపు మూత్రం మూత్రాశయానికి చేరదు. అప్పుడు నమూనా ఆరోగ్యంగా ఉన్న రెండవ మూత్రపిండానిదే అవుతుంది. కాబట్టి ఫలితం బాగున్నదని నిశ్చింతగా ఉండరాదు. పిల్లల వయసును బట్టి అందరూ అంగీకరించిన హద్దు విలువలు రాళ్ళ వ్యాధిలో ఇంకా స్థిరపడలేదు.

చికిత్స, నివారణ

ఈ సూచికలు అల్ట్రాసౌండ్, మూత్ర కల్చరు, 24 గంటల మూత్ర పరీక్షలకు తోడ్పడేవే గాని వాటికి బదులు కావు. కొత్తచెరువుకు సమీపంలోని పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో యూరాలజీ విభాగం ఉన్నది. రాయితో పాటు చలిజ్వరం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం కనిపిస్తే సూచికల ఫలితం కోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను.

పిల్లలు మూత్రం లేత రంగులో వచ్చేటంతగా నీరు త్రాగడం, ఉప్పు తగ్గించడం, నిమ్మజాతి పండ్లు తీసుకొనడం మేలు చేస్తాయి. పాలు, పెరుగు మానిపించరాదు. ఆహారంలోని కాల్షియం ప్రేగులలోనే ఆక్సలేటును పట్టి ఉంచుతుంది. బడిలో మరుగుదొడ్డి సరిగా లేక నీరు త్రాగడం మానుకునే పిల్లలు, ముఖ్యంగా బాలికలు, ఉంటారు. పిల్లలకు నీరు త్రాగడం గుర్తు చేయుటకు 2019లో కేరళ పాఠశాలలలో నీటి గంట మ్రోగించడం మొదలైంది. కరవు సీమలో ఏ పరీక్ష కన్నా ముందు కావలసినవి త్రాగునీరు, మరుగుదొడ్డి.

ఇవి కూడా చూడండి

* మూత్రపిండము
* మూత్ర వ్యవస్థ
* కొత్తచెరువు